సిద్ధిరాజు బంటు దెయ్యానికీ కాటమరాజు వంశం పిల్లకీ లవ్ స్టోరీ, పగ నిలబడట్లేదు, ఐడియా చెప్పండబ్బా

పాలేటి పిల్ల:
అందరికీ నమస్తే. మాది కనిగిరి పక్కన పల్లె, ఫోన్లో సీరియల్ రాస్తా ఉండా. హీరోయిన్ ఇప్పటి పిల్ల, ఒంగోల్లో బీటెక్, వాళ్ల తాత కాటమరాజు కథ, అదే ఆవుల మందల రాజు మీద జానపద పాట, పాడతాడు. హీరో కాటమరాజుతో జరిగిన ఎర్రగడ్డపాడు యుద్ధంలో నెల్లూరు సిద్ధిరాజు వైపు చచ్చిపోయిన బంటు, 13వ శతాబ్దం నుంచి పాలేరు అనే ఏటి ఒడ్డునే తిరగతా ఉంటాడు, కాటమరాజు వంశంలో ఒక్కర్నీ వదలనని ఒట్టేసుకున్నాడు. ఇంతవరకు బాగుంది. ఐదో భాగంలో వానొచ్చి కరెంటు పోయి ఇద్దరూ గుడి మంటపంలో ఇరుక్కున్నారు, అంతే, పగ ఎగిరిపోయింది. ఏడొందల ఏళ్ల పగ అరగంటలో తీరిందా అక్కా అని కామెంట్లలో ఒకటే ఎగతాళి. పగ ఉండగానే ప్రేమ ఎట్టా పుట్టించాలి?

ఒంగోలు గిత్త:
అమ్మాయ్, నీ హీరోకి పగ ఎందుకో నీకే తెలీదు, అదీ సమస్య. వంశం మీద పగ అంటే చదివేవాడికి ఏం తగలదు. కథలో గొడవంతా గడ్డి దగ్గర కదా, కరువొచ్చి కాటమరాజు వాళ్లు మందల్ని నెల్లూరు సీమకి తోలుకొచ్చారు, మేపుకున్నందుకు పుట్టిన కోడెదూడల్ని పుల్లరి కింద, అంటే మేత పన్ను కింద, ఇస్తామన్నారు, తర్వాత రాజుగారి ఉంపుడుగత్తె చిలక ఆవుల్ని బెదరగొట్టిందని కాపర్లు దాన్ని కొట్టి చంపేశారు, ఆమె ఆవుల్ని చంపించింది, ఇంక పుల్లరి ఇచ్చేది లేదని కాటమరాజు. ఎవరిది తప్పో తేల్చు చూద్దాం! నీ బంటు పొలం కూడా ఆ ఆవులు మేసేశాయని పెట్టు, ఆ ఏడు వాడింట్లో కుండ ఎక్కలేదు. ఆ పిల్లేమో చచ్చిన ఆవుల పాట వింటా పెరిగింది. ముందు వాళ్లు చిలక గురించి కొట్టుకోవాలి, నాలుగు భాగాలు కొట్టుకోనీ. వాడు చెప్పింది విన్నాక తాత పాటలో ఒక చరణం ఆ పిల్ల నోటికి రాకుండా ఆగిపోవాలి. ప్రేమ అక్కడ మొదలు.

పెన్న ఒడ్డు:
మా నెల్లూరు దెయ్యాన్ని విలన్ చేసేశారే 😄 సిద్ధిరాజు సేనాపతి ఖడ్గతిక్కన సంగతి వదిలేశావేంది? ఓడి ఇంటికొస్తే పెళ్లాం చానమ్మ మంచం అడ్డంపెట్టి పసుపుముద్ద పెట్టింది, ఆడోళ్లకి పెట్టినట్టు, తల్లి విరిగిపోయిన పాలు పోసింది, మళ్లీ పోయి అక్కడే చచ్చాడు. కవి తిక్కనకి ఈయన అన్నదమ్ముల బిడ్డ. నీవాడు ఆయన వెనక పారిపోయొచ్చిన మనిషి అనుకో, అప్పుడు వాడిది పగ కాదు, సిగ్గు. సిగ్గుని పగ అని చెప్పుకుంటా ఏడొందల ఏళ్లు తిరిగాడు. ఆ సంగతి పిల్ల కనిపెడితే వాడికి ఇంకా కోపం రావాలి.
ఇంకోటి, మా నెల్లూరు దర్గా కాడ కోరిక కోరుకుని రొట్టెలు మార్చుకునే రొట్టెల పండగ పెట్టు. స్వర్ణాల చెరువులో నీళ్లలో నిలబడి పెళ్లిరొట్టె పట్టుకుంటుంది, ఇచ్చిన చెయ్యి చల్లగా ఉంటుంది. కోరిక తీరితే మళ్లేడు వచ్చి రొట్టె ఇవ్వాలి కదా, తీరిందో లేదో తెలీక ఆ పిల్ల ఏడాదంతా కొట్టుకుంటుంది.

కావలి అత్త:
మీ కథ సరే, మావైపు అయితే ఆ పిల్ల ఒంటరిగా మాట్లాడేది చూసిన రోజే వాళ్లమ్మ దెయ్యం వదిలించడానికి కసుమూరు దర్గాకి తీసకపోయుండేది. తల్లిని ఎవరూ తలుచుకోరేంది. దెయ్యానికి హద్దు కూడా పెట్టు తల్లీ, పాలేరు దాటలేడనో ఏదో, ఎక్కడికైనా వస్తే ఇంక భయమేముంది, పక్కింటి అబ్బాయే.

పాలేటి పిల్ల:
అత్తా కసుమూరు పాయింట్ సూపర్, తల్లి తీసకపోతా ఉంటే పగవాణ్ణి కాపాడాల్సింది ఈ పిల్లే అయితది!! పెన్న ఒడ్డు గారూ సిగ్గు విషయం తీసుకుంటా, రొట్టెల సీన్ మాత్రం వద్దులే, మొక్కుకునే చోట దెయ్యాన్ని దించితే బాగుండదు, మావాళ్లు కూడా ఏటా పోతారు. హద్దు పాలేరే, దాటితే పొగైపోతాడు. గిత్త గారూ, ఆవులు మేసింది జొన్నచేను అని పెట్టేదా? మంటపం వాన సీన్ తియ్యమనొద్దు, దానికే లైకులు ఎక్కువ, పదిహేనో భాగానికి జరుపుతా.

ఒంగోలు గిత్త:
జొన్నే పెట్టు. వాన సీన్లో వాడు తడవకూడదు, దెయ్యం కదా. పోయినసారి తడిపేశావు.