విదేశీ సాంకేతిక సాయం డబ్బు మన ఎఫ్‌పీఓ అకౌంట్‌లో పడుతుందా?

ప్రశ్న (గుంటూరు నుంచి):
నమస్కారం అండి. మాది మిర్చి రైతుల ఎఫ్‌పీఓ, అంటే రైతు ఉత్పత్తిదారుల సంస్థ. ఎగుమతికి పంపుదామంటే అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) దగ్గర శాంపిళ్లు ఫెయిల్ అవుతున్నాయి, కళ్లంలో ఆరబెట్టే పద్ధతి మారాలి, నేర్పేవాళ్లు కావాలి. ఒకాయన వచ్చి యూఎస్‌ఎయిడ్ అనే అమెరికా ప్రభుత్వ సాయం సంస్థ నుంచి సాంకేతిక సాయం కింద 50 లక్షలు మీ అకౌంట్‌లో వేయిస్తాను, ముందు ఫైలు ఖర్చులకి 2 లక్షలు కట్టండి అంటున్నాడు. మా డైరెక్టర్లలో సగం మంది కట్టేద్దామంటున్నారు, నాకు టెన్షన్‌గా ఉంది. అసలు ఆ డబ్బు ఏ దారిలో వస్తుంది?

జవాబు (విజయవాడ నుంచి):
ఒక్క రూపాయి కూడా కట్టకండి అన్నా. యూఎస్‌ఎయిడ్ 2025 జూలై 1 నుంచి లేదు, మిగిలిన కొద్ది పనులు అమెరికా విదేశాంగ శాఖ కిందకి వెళ్లిపోయాయి. మీ డైరెక్టర్లకి ముందు ఇదే చెప్పండి.

ఇక దారి సంగతి. సాంకేతిక సాయం అంటే చాలావరకు మనుషులు, శిక్షణ, అధ్యయనాలు, కొంత పరికరాలు. జపాన్‌నే తీసుకోండి, మన ప్రభుత్వం ఫలానా పనికి సాయం కావాలని అడగాలి, ఆ అభ్యర్థన ఢిల్లీలో ఆర్థిక శాఖలోని ఆర్థిక వ్యవహారాల విభాగం ద్వారా వెళ్తుంది, జపాన్ ఒప్పుకుంటే అక్కడి ప్రభుత్వ సాయం సంస్థ జైకా నిపుణుల్ని పంపుతుంది, మన అధికారుల్ని అక్కడికి శిక్షణకి తీసుకెళ్తుంది, ఖర్చు తనే పెట్టుకుంటుంది. జర్మనీ అయితే అక్కడి అభివృద్ధి శాఖ డబ్బు ఇస్తుంది, పని జీఐజెడ్ అనే ప్రభుత్వ సంస్థ చేయిస్తుంది. నిపుణుల జీతాలు, టెండర్లు అన్నీ దాని చేతిలోనే. అంటే ఆ సొమ్ములో పెద్ద భాగం ఇచ్చే దేశం సంస్థ దగ్గరే ఖర్చయిపోతుంది, ఇది నాకు నచ్చని విషయమే కానీ ఏర్పాటు అలాగే ఉంది.

అప్పు వేరు. మన గుంటూరులోనే ఆఫీసున్న రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయానికి జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ రుణం ఇచ్చింది. అది తిరిగి కట్టాల్సిన సొమ్ము, అక్కడా ఒప్పందం ప్రభుత్వాల స్థాయిలోనే జరుగుతుంది, మధ్యలో ఏజెంటుకి పనే లేదు.

మరొకరు (మంగళగిరి నుంచి):
అయితే విదేశాల నుంచి విరాళంగా తీసుకోవచ్చు కదండీ?

జవాబు (విజయవాడ నుంచి):
దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఉందండి. కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాకే రావాలి. మామూలు ఎఫ్‌పీఓ అకౌంట్‌లో ఎవరో 50 లక్షలు వేస్తామన్నారంటే అక్కడే అనుమానించాలి.

మన దేశం ఇచ్చేటప్పుడు కూడా ఇంతే. విదేశాంగ శాఖ 1964 నుంచి ఐటెక్ అనే కార్యక్రమం నడుపుతోంది. ఆఫ్రికా దేశాల అధికారులు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని గ్రామీణాభివృద్ధి సంస్థకి శిక్షణకి వస్తారు, వాళ్ల ప్రభుత్వమే పేర్లు పంపుతుంది, విమాన టికెట్టు, ఫీజు, బస మనం భరిస్తాం. ఆ దేశం ఖజానాకి మాత్రం నగదు వెళ్లదు.

ప్రశ్న (గుంటూరు నుంచి):
అర్థమైంది అన్నా. మరి మేం ఎవర్ని కలవాలి?

జవాబు (విజయవాడ నుంచి):
ముందు గుంటూరులోనే స్పైసెస్ బోర్డు ఆఫీసుకి వెళ్లండి, వాళ్లకి ఇక్కడ నాణ్యత పరీక్షల ల్యాబ్ కూడా ఉంది. తర్వాత జిల్లా ఉద్యానశాఖ అధికారికి ఒక ఉత్తరం ఇవ్వండి. ఎంతమంది రైతులు, ఎన్ని ఎకరాలు, ఏ ల్యాబ్‌లో ఎంత అఫ్లాటాక్సిన్ వచ్చింది, ఏ దేశానికి అమ్మాలనుకుంటున్నారు, ఇవన్నీ రిపోర్టుల జిరాక్సులతో సహా పెట్టండి. 50 లక్షలు కావాలని రాయకండి, ఆరబెట్టడంలో శిక్షణ, టార్పాలిన్లు, తేమ కొలిచే మీటర్లు కావాలని రాయండి. శాఖ ఏదైనా విదేశీ ప్రాజెక్టుకి ప్రతిపాదన తయారు చేసేటప్పుడు అలాంటి కాగితమే వాళ్లకి పనికొస్తుంది, రసీదు ముద్ర వేయించుకోవడం మాత్రం మర్చిపోకండి.