సామెతలు 31:10లో ‘గుణవతి’: హీబ్రూ మాట బరువు ఇందులో ఉందా?

వచ్చే నెల మా అమ్మ మొదటి జ్ఞాపకార్థ కూడిక. సమాధి రాయి మీద వాక్యం చెక్కించాలి. తమ్ముడు సామెతలు 31:10 అన్నాడు: “గుణవతియైన భార్య దొరుకుట అరుదు.” మన ఇళ్లలో ఈ వాక్యం శుభలేఖతో మొదలై సమాధి దాకా వస్తుంది, తెలిసిందే. నాకు మాత్రం మనసొప్పడం లేదు.

నాన్న పోయేనాటికి మేం ముగ్గురం చిన్నవాళ్లం. అమ్మ కౌలుకి తీసుకున్న మిరప చేను వదల్లేదు. రాత్రిపూట నీటి వంతు వస్తే లాంతరు పట్టుకుని తనే వెళ్లేది. ఊళ్లో ‘మగరాయుడు’ అనేవారు. కొందరు మెచ్చుకుంటూ, కొందరు మూతి తిప్పుతూ. అలాంటి మనిషి పేరు కింద ‘గుణవతి’ అని రాస్తే నాకు అమ్మ కనబడదు. మన వాడుకలో గుణవతి అంటే నెమ్మదస్తురాలు, ఎదురు చెప్పనిది. పెళ్లిచూపుల్లో వినబడే మాట.

హీబ్రూ చదువుకున్న మా మేనమామ దగ్గర రెండు సాయంత్రాలు కూర్చున్నాను. మూలంలో ఉన్నది ‘ఏషెత్ హయిల్’. ఏషెత్ అంటే భార్య అనీ, స్త్రీ అనీ రెండూ. హయిల్ అంటే బలం, శౌర్యం, సైన్యం, సంపద. ఎర్ర సముద్రంలో మునిగిన ఫరో సేనకీ ఇదే మాట. ఇప్పటి హీబ్రూలో సైనికుణ్ణి ‘హయాల్’ అంటారు.

మన తెలుగు బైబిల్ ఈ ఒక్క మాటని ఎక్కడెక్కడ ఎలా చెప్పిందో చూడండి. గిద్యోను దగ్గర (న్యాయాధిపతులు 6:12) “పరాక్రమముగల బలాఢ్యుడా”. బోయజు దగ్గర (రూతు 2:1) “ఆస్తిపరుడు”. మోషే ఏర్పరచుకోవలసిన అధికారుల దగ్గర (నిర్గమ 18:21) “సామర్థ్యము”. రూతు దగ్గరికి వచ్చేసరికి (3:11) “యోగ్యురాలు”. ఇక్కడ “గుణవతి”. ఇదే అధ్యాయం 29వ వచనంలో, చాలామంది కుమార్తెలు హయిల్ చేశారు అన్నచోట, ఏకంగా “పతివ్రతాధర్మము”! ఆ వచనం చిన్నప్పుడే కంఠతా పట్టినదాన్ని, అక్కడ అసలు మాట ‘బలం’ అని తెలిశాక ఆ రాత్రి నిద్రపట్టలేదు. మగవాళ్ల విషయంలో పరాక్రమం, ఆస్తి, సామర్థ్యం అయిన మాట, ఆడవాళ్ల విషయంలో గుణం, పాతివ్రత్యం అయింది.

నాకు పదేళ్ల కూతురుంది. దానికి ఈ వాక్యం ఏ మాటతో నేర్పాలి? సరైన తెలుగు మాట ఏదో పెద్దలు చెప్పండి.

జవాబు: అమ్మా, గుణవతిని అంత తేలిగ్గా తీసెయ్యకండి. గుణం అంటే సంస్కృతంలో వింటినారి కూడా, అల్లెతాడు. లాగి కట్టకపోతే విల్లు పనికిరాదు. అనువాదకులు ఆ అర్థంలో వాడారని అనను, మంచి గుణాలనే ఉద్దేశించారు. కానీ మీ అమ్మగారి సంగతి చదివాక నాకు తట్టింది ఆ నారే. ఇంగ్లీషు పాత అనువాదంలోనూ ‘వర్చువస్’ అనే ఉంది. ఆ మాటకి లాటిన్ మూలం పురుషుడు అనే అర్థంగల ‘వీర్’. మొదట్లో దానికి పౌరుషం అనే అర్థం ఉండేది, క్రమంగా శీలం దగ్గర ఆగిపోయింది.

జవాబు: పైవారి మాటకి కొనసాగింపు. గ్రీకులోకి తెచ్చిన ప్రాచీన యూదు అనువాదకులు ఇక్కడ ‘అంద్రేయా’ అన్నారు. ‘అనేర్’ అంటే మగవాడు, దాన్నుంచి వచ్చిన మాట. ధైర్యశాలి అని అర్థం. మీ ఊరివాళ్లు ‘మగరాయుడు’ అన్నారంటే, తెలియకుండానే ఆ అనువాదకుల దారిలో నడిచారు. లాటిన్ బైబిల్లో ‘ఫోర్తెమ్’, బలవంతురాలు. ఇంకోటి: 11వ వచనంలో “లాభప్రాప్తి” అన్నచోట హీబ్రూలో ఉన్నది యుద్ధంలో దొరికే కొల్లసొమ్ము. 15వ వచనంలో ఇంటివారికి పెట్టే భోజనానికి వాడిన మాట సింహం పట్టిన వేటకీ వాడతారు. కవి ఒక వీరగాథ భాషని తెచ్చి వంటింటికీ, మగ్గానికీ, ద్రాక్షతోటకీ తొడిగాడు.

జవాబు: వదినా, నాదొక బాధ. మా స్త్రీల సమాజంలో ఈ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు పనుల జాబితాలా వినబడుతుంది. చీకటితోనే లేవాలి, రాత్రి దీపం ఆరకూడదు, మధ్యలో పొలం కొనాలి. ఇద్దరు పిల్లలతో నావల్ల కాదని ఏడ్చిన రోజులున్నాయి. ‘వీరనారి’ అని మారిస్తే ఇంకో బరువు పెరుగుతుందేమో!

మళ్లీ నేను: మరదలా, నీ మాట నిజం, అందుకే ‘వీరనారి’ నాకూ వద్దు. కానీ ఇది జాబితా కాదు, పాట. 10 నుంచి 31 దాకా 22 వచనాలు, హీబ్రూ అక్షరమాల 22 అక్షరాలతో వరసగా మొదలవుతాయి. యూదుల ఇళ్లలో శుక్రవారం రాత్రి విందుబల్ల దగ్గర దీన్ని పాడతారు, ఆ వారమంతా చాకిరీ చేసిన ఇల్లాలి ముందు. పైగా అధ్యాయం మొదట్లోనే ఉంది, ఇవి లెమూయేలు రాజుకి అతని తల్లి నేర్పిన మాటలని. ఒక తల్లి కొడుక్కి చెప్పింది, నువ్వు కళ్లు తెరిచి ఎవరిని చూడాలో. కోడలికి పెట్టిన పరీక్ష కాదది.

రూతునే చూడు. బోయజు ఆమెని ఏషెత్ హయిల్ అన్ననాటికి ఆమెకి భర్త లేడు, పొలం లేదు. మోయాబు నుంచి అత్త నయోమి వెంట వచ్చి, కోతకాలంలో పరిగె ఏరుకుని ఇద్దరి కడుపూ నింపుతున్న విధవరాలు. నయోమి తిరిగి పొమ్మన్నా పోని మనిషి. ఆ పట్టుదలకే హయిల్ అని పేరు.

ఇంకో తల్లి నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది, పండిత రమాబాయి. 1882లో భర్త పోయాడు, చేతిలో పసిబిడ్డ మనోరమ. కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ నడుపుతూ, కరువులో దిక్కులేని ఆడపిల్లల్ని చేరదీస్తూ, హీబ్రూ గ్రీకు నేర్చుకుని బైబిల్ మొత్తాన్ని మరాఠీలోకి తెచ్చింది. 1921లో కూతురు చనిపోయింది. 1922లో తానూ వెళ్లిపోయింది, పని పూర్తిచేసే వెళ్లింది. వాక్యంలో మాటల కోసం అంత తపించిన తల్లి మన పక్క భాషలోనే ఉందని మా అమ్మాయికి చెబుతుంటాను.

జవాబు: అయితే ‘సమర్థురాలు’ అనండి. నిర్గమకాండంలో మన అనువాదకులే “సామర్థ్యము” అన్నారు కదా, వాళ్ల మాటే వాళ్లకి అప్పగించినట్టు. పల్లెమాట కావాలంటే ‘గట్టిమనిషి’.

మళ్లీ నేను: గట్టిమనిషి! అమ్మని మా నాయనమ్మ పిలిచిన మాట అదే. అమ్మాయికి పాత వాక్యమే కంఠతా పట్టిస్తాను, పక్కన ‘సమర్థురాలు’ అని పెన్సిల్‌తో రాసి. రాయి మీద మాత్రం 25వ వచనం మొదటి ముక్క వేయిస్తున్నాం, తమ్ముడూ ఒప్పుకున్నాడు: “బలమును ఘనతయు ఆమెకు వస్త్రములు.”