అప్‌డేట్: ఆ లివర్ గడ్డ కార్సినోమానే

15 రోజుల వయసులో డీఈఎన్ (లివర్ క్యాన్సర్ తెప్పించే రసాయనం) ఇంజెక్షన్ ఇచ్చిన మగ బీ6సీ3ఎఫ్1 (ల్యాబ్‌లో వాడే ఒక సంకర రకం) చిట్టెలుకల లివర్‌లో వచ్చిన గడ్డ అడినోమానా (క్యాన్సర్ కాని గడ్డ), కార్సినోమానా (క్యాన్సర్ గడ్డ) అని ఇంతకుముందు అడిగాను, తేలింది. హెచ్ అండ్ ఈ (కణజాలానికి మామూలుగా వేసే రంగు) స్లైడ్‌లో అది చుట్టుపక్కల కణజాలాన్ని నొక్కుతున్నట్టు కనబడింది. కానీ అడినోమా కూడా అలాగే నొక్కుతుంది, దాన్నిబట్టి తేల్చలేం. రెటిక్యులిన్ స్టెయిన్‌తో (కణాల వరుసల వెంట ఉండే సన్నని పోగులను వెండితో నల్లగా చూపే రంగు) స్పష్టమైంది. మామూలు లివర్‌లో ఒకటి రెండు కణాల మందం వరుసల వెంట నల్లటి పోగులున్నాయి. గడ్డలో పోగులు బాగా తగ్గాయి, వరుసలు నాలుగైదు కణాల మందం. ఇది కార్సినోమా లక్షణం.

మొదటిసారి లోబ్‌ను (లివర్‌లో ఒక భాగం) కోయకుండా ఫార్మలిన్‌లో (కణజాలం పాడవకుండా ఉంచే ద్రవం) వేయడంతో, అది లోపలికి అందక మధ్యభాగం ఫిక్స్ కాలేదు. 4 మి.మీ. ముక్కలుగా కోసి, 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 24 గంటలు ఉంచితే సరిపోయింది. ముఖ్యంగా, గడ్డ అంచూ పక్క లివరూ ఒకే సెక్షన్‌లో పడాలి. లేకపోతే పోగులు నిజంగానే లేవా, వెండి ఎక్కలేదా చెప్పలేం.