సౌరగాలి నుంచి డీఎస్‌టీ లెక్క: పెద్ద తుఫానులో మోడల్ పాతాళానికి పడిపోతోంది

ప్రశ్న:
సౌరగాలి వేగం, బీజెడ్ (సౌరగాలి అయస్కాంత క్షేత్రంలో ఉత్తర-దక్షిణ భాగం, మైనస్ అయితే దక్షిణ దిశ, అప్పుడే శక్తి లోపలికి వస్తుంది) ఇస్తే గంట గంటకీ డీఎస్‌టీ (భూఅయస్కాంత తుఫానులో భూమి క్షేత్రం ఎంత తగ్గిందో చెప్పే సూచిక) ఎంత పడుతుందో చెప్పే చిన్న మోడల్ పైథాన్‌లో రాశాను. 1975 నాటి బర్టన్ సమీకరణమే, గుణకాలు మాత్రం 2000లో ఓబ్రయన్, మెక్‌ఫెరన్ ఇచ్చినవి. డేటా నాసా వారి సౌరగాలి కొలతల సంకలనం ఆమ్నిది, గంట సగటులు. చిన్న తుఫానుల్లో ఆకారం బాగానే వస్తోంది గానీ గీత గంట ఆలస్యంగా దిగుతోంది, సౌరగాలిని కొలిచే ఉపగ్రహాలుండే ఎల్1 బిందువు నుంచి భూమికి 15 లక్షల కిలోమీటర్లు కదా అని ప్రయాణ సమయం కూడా కలిపాను మరి. ఒక పెద్ద తుఫాను పెడితే రెండు గంటల్లోనే −1400 నానోటెస్లాల దాకా పడింది. మూడు రోజులుగా ఇదే టెన్షన్, ఎవరైనా చూసి చెప్పండి.

జవాబు 1:
ఆలస్యానికి కారణం మీరు కలిపిన ఆ గంటేనండి. ఆమ్ని డేటాని ముందే భూమి దగ్గరికి జరిపి ఇస్తారు, మీరు రెండోసారి జరిపారు.

ఇక −1400. ఆ గంటల్లో వేగం గడిలో 9999 ఉందేమో చూడండి, అది వేగం కాదు, డేటా లేదని గుర్తు. బీజెడ్ −20 ఉన్నప్పుడు ఆ 9999తో గుణిస్తే గంటకి 878 నానోటెస్లాలు దిగుతుంది! పెద్ద తుఫానుల్లోనే ఇలా అవుతుంది, 2003 అక్టోబర్‌లో డీఎస్‌టీ −383కి దిగిన రోజుల్లో ఏస్ ఉపగ్రహం మీది ప్లాస్మా పరికరాన్ని సూర్యుడి ప్రోటాన్లు బాగా ఇబ్బంది పెట్టాయి. బీజెడ్ గడిలో వచ్చే 999.9 ఇంకా ప్రమాదం, ధన సంఖ్య కాబట్టి మోడల్ దాన్ని ఉత్తర దిశ అనుకుని చప్పుడు లేకుండా కోలుకుంటుంది, గీత చూస్తే అనుమానం కూడా రాదు.

ప్రశ్న అడిగినవారు:
అవునండీ, వరసగా రెండు గడుల్లో 9999! ఖాళీలని ఇంటర్‌పోలేట్ చేసేయమంటారా, అంటే ఇరుపక్కల విలువల నుంచి అంచనా వేసి నింపేయమంటారా?

జవాబు 1:
వేగానికి ఒకటి రెండు గంటలైతే ఫర్వాలేదు. బీజెడ్‌కి మాత్రం వద్దు, అది నిమిషాల్లో తలకిందులవుతుంది. అక్కడ ఆపేసి, డేటా మళ్లీ మొదలైన చోట కొలిచిన డీఎస్‌టీ నుంచి నడిపించండి.

జవాబు 2:
ముందు ఒక పరీక్ష పెట్టండి. వేగం సెకనుకి 500 కిలోమీటర్లు, బీజెడ్ −10 నానోటెస్లాలు అలాగే ఉంచితే, సౌరగాలి ఒత్తిడికి చేసే సవరణ కలపకముందు, మోడల్ −130 దగ్గర ఆగాలి. ఇంకా దిగుతుంటే తప్పు కోడ్‌లోనే ఉంది. బీజెడ్ జీఎస్‌ఎమ్‌లోదేనా (భూమి అయస్కాంత అక్షాన్ని బట్టి దిశలు తీసుకునే పద్ధతి) అన్నదీ చూసుకోండి, జీఎస్‌ఈ (భూకక్ష్య తలాన్ని బట్టి తీసుకునేది) కాలమ్ పక్కనే ఉంటుంది, నేనూ ఒకసారి అదే లాగేసి వారం పోగొట్టుకున్నాను.

గంట సగటులతో ఇంకో చిక్కుంది. అరగంట −10, అరగంట +10 ఉంటే సగటు సున్నా, మోడల్‌కి ఏమీ జరగనట్టే, కానీ ఆ మొదటి అరగంటలో శక్తి లోపలికి వచ్చేసింది. నిమిషాల డేటాకి మారొచ్చు, కాకపోతే ఈ గుణకాలు గంట సగటులతో కట్టినవి, మళ్లీ సరిచూసుకోవాలి.