హెచ్‌పీటీ, బింక్‌డీ: 99వ జోన్ నెట్‌మెయిల్ దారి తప్పి ఫిడోనెట్ అప్‌లింక్‌కి పోతోంది

నాగావళి_నోడ్ (శ్రీకాకుళం):
అందరికీ నమస్కారం. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద బింక్‌డీ (మెయిల్ ఇచ్చిపుచ్చుకునే ప్రోగ్రామ్), హస్కీ ప్యాకేజీలోని హెచ్‌పీటీ (మెయిల్‌ని విడదీసి ఎవరిది వాళ్లకి కట్టలు కట్టేది) నడుస్తున్నాయి. ఫిడోనెట్‌లో (బీబీఎస్‌ల కాలం నాటి మెయిల్ నెట్‌వర్క్) 3వ జోన్ అడ్రస్ ఉంది. దాంతోపాటు మా జిల్లాల వాళ్ల కోసం 99వ జోన్ అని సొంత నెట్‌వర్క్ పెట్టాం. అడ్రస్ అంటే జోన్:నెట్/నోడ్, ఆపైన చుక్క ఉంటే తర్వాతది పాయింట్, అంటే ఆ నోడ్ కింద ఉండే ఒక్కరి అడ్రస్. శ్రీకాకుళం హబ్ 99:1/1, విజయనగరం 99:1/20, పలాస 99:1/40. బొబ్బిలిలో ఉన్నది పాయింట్, 99:1/1.5. పబ్లిక్ ఐపీ హబ్‌కి ఒక్కదానికే ఉంది, మిగతా వాళ్లే దానికి కాల్ చేస్తారు.

సమస్యలు మూడు. విజయనగరానికి రాసిన నెట్‌మెయిల్ (ఒకరికి రాసే ఉత్తరం) ఫిడోనెట్ అప్‌లింక్‌కి (మాకు ఫిడోనెట్ మెయిల్ అందించే పై నోడ్) వెళ్లి తిరిగొస్తోంది. పలాస ఎకోమెయిల్‌ని (అందరూ చదివే చర్చల మెయిల్) హెచ్‌పీటీ ప్యాక్ చేసినట్టు లాగ్‌లో ఉంది, పలాస కాల్ చేస్తే మాత్రం బింక్‌డీ ఏమీ ఇవ్వదు. బొబ్బిలి పాయింట్‌కి రాసినవి నెట్‌మెయిల్ ఏరియాలోనే పడి ఉంటున్నాయి. హెచ్‌పీటీ కాన్ఫిగ్‌లో మొదటి అడ్రస్ 99:1/1, రెండోది ఫిడోనెట్‌ది. రూట్ లైన్లలో అన్నిటికంటే పైన ఉన్నది అప్‌లింక్, దాని పక్కన ఒట్టి స్టార్. సెషన్ అవగానే స్క్రిప్ట్ హెచ్‌పీటీ టాస్ ఒక్కటే నడుపుతుంది; విజయనగరం మెయిల్‌కి మాత్రం ప్యాక్ చేత్తో నడిపి చూశాను. ఎక్కడ చూడాలి?

కోటకూడలి (విజయనగరం):
మూడిటికీ కారణాలు మీ పోస్టులోనే ఉన్నాయి. కీవర్డులు తెలుగులో రాస్తున్నా, ఫైల్లో ఇంగ్లీషులోనే కొట్టండి.

ముందు రెండోది, అందరూ ఎక్కువగా తికమక పడేది అదే. హెచ్‌పీటీకి డిఫాల్ట్ జోన్ అంటే కాన్ఫిగ్‌లో మొదటి అడ్రస్ జోన్. ఆ జోన్ మెయిల్‌ని ఒట్టి అవుట్‌బౌండ్ (బయటికి పంపాల్సిన మెయిల్ ఉండే) డైరెక్టరీలో పెడుతుంది. వేరే జోన్లయితే ఆ పేరు చివర చుక్క పెట్టి, జోన్ నంబర్‌ని మూడంకెల హెక్సాలో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) తగిలిస్తుంది. మీ మొదటి అడ్రస్ 99 కాబట్టి పలాస కట్ట ఒట్టి అవుట్‌బౌండ్‌లో పడింది. బింక్‌డీ మాత్రం డొమైన్ లైన్ చివరనున్న అంకెను బట్టి పోతుంది. అక్కడ మీరు 3 పెట్టి ఉంటారు. అంటే అదే డైరెక్టరీ దాని దృష్టిలో 3వ జోన్‌ది, అందులోని ఫైల్ 3:1/40 అనే నోడ్‌ది. అలాంటి నోడ్‌తో సెషన్ ఎప్పటికీ జరగదు, కట్ట కదలదు. ఎర్రర్ కూడా రాదు.

ఒకే మాట మీద ఉంచండి. హెచ్‌పీటీలో ఫిడోనెట్ అడ్రస్‌ని మొదటికి మార్చండి. బింక్‌డీలో రెండు డొమైన్ లైన్లకీ ఒకే అవుట్‌బౌండ్ పాత్, చివర రెండింటికీ 3. అప్పుడు 99వ జోన్ మెయిల్ అవుట్‌బౌండ్.063లో పడుతుంది, 99కి హెక్సా 63 కాబట్టి. లోపలి ఫైల్ పేర్లో నెట్‌కి నాలుగంకెలు, నోడ్‌కి నాలుగంకెలు, అవీ హెక్సాలోనే: పలాస 00010028, విజయనగరం 00010014. మార్చే ముందు పాత డైరెక్టరీలో మిగిలిన 99వ జోన్ ఫైళ్లను కొత్తదాంట్లోకి జరపడం మరిచిపోవద్దు.

ఇక రూటింగ్. హెచ్‌పీటీ రూట్ లైన్లను పైనుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి దాని దగ్గరే ఆగిపోతుంది. స్టార్ పైనుంటే కింద ఏం రాసినా వృథా. ఇలా పెట్టండి:

రూట్ హోల్డ్ నోరూట్ 99:1/1.*
రూట్ హోల్డ్ 99:1/20 99:1/20.*
రూట్ హోల్డ్ 99:1/40 99:1/40.*
ఆ కింద అప్‌లింక్‌కి నాలుగు లైన్లు: 1:*, 2:*, 3:*, 4:*

ఒట్టి స్టార్ అసలు వద్దు. ఫిడోనెట్‌లో ఇప్పుడున్నవి ఆ నాలుగు జోన్లే. ఆసియాకి ఒకప్పుడున్న 6వ జోన్ 2007లో 3లో కలిసిపోయింది. స్టార్ లేకపోతే 99లో లేని నోడ్‌కి ఎవరైనా పొరపాటున రాసినా అది మీ దగ్గరే ఆగుతుంది, అప్‌లింక్ నడిపేవారి నెత్తిన పడదు. సొంత జోన్ పెట్టుకున్నవాళ్లు కనీసం ఈ మర్యాద పాటించాలని నా గట్టి అభిప్రాయం. ఇంకొకటి, మెసేజ్ మీద క్రాష్ గుర్తు ఉంటే రూట్ లైన్లు వర్తించవు, నేరుగా గమ్యానికే ప్యాక్ అవుతుంది.

నోరూట్ అంటే నేరుగా గమ్యానికే, హోల్డ్ అంటే వాళ్లే వచ్చి తీసుకెళ్లేదాకా ఉంచడం. హోల్డ్ ఎందుకంటే మీవాళ్లకి పబ్లిక్ ఐపీ లేదు. రౌటర్ వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) ఐపీ 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే అది ఆపరేటర్ నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) వెనకున్నట్టే, బయటినుంచి 24554 పోర్టుకి ఎవరూ రాలేరు. కాబట్టి బింక్‌డీ నోడ్ లైన్లలో వాళ్ల హోస్ట్ స్థానంలో ఒక్క హైఫన్ పెట్టి, ఆ తర్వాత పాస్‌వర్డ్ రాయండి. బింక్‌డీ వాళ్లకి కాల్ చేయబోదు, వాళ్లు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతుంది.

మూడోది సులువు. టాస్ వచ్చిన కట్టల్ని విప్పుతుంది, అంతే. నెట్‌మెయిల్‌ని రూట్ ప్రకారం కట్టేది హెచ్‌పీటీ ప్యాక్. స్క్రిప్ట్‌లో టాస్, స్కాన్, ప్యాక్ ఆ వరసలో నడపండి. బొబ్బిలి పాయింట్‌కి అవుట్‌బౌండ్.063లో 00010001.పీఎన్‌టీ అనే డైరెక్టరీ, దాంట్లో 00000005తో మొదలయ్యే ఫైల్ కనిపిస్తే సరిగ్గా పడినట్టు.

వంశధార_తీరం (శ్రీకాకుళం):
కోటకూడలి గారు చెప్పినవయ్యాక ఇన్‌బౌండ్ (వచ్చిన మెయిల్ పడే) డైరెక్టరీ కూడా చూడండి. ప్యాకెట్ పేరు చివర ఎస్ఈసీ అని మారి ఉంటే ప్యాకెట్ పాస్‌వర్డ్ కలవలేదనో, పాస్‌వర్డ్ లేని సెషన్‌లో వచ్చిందనో అర్థం. ఎన్‌టీయూ అని ఉంటే ప్యాకెట్ మీదున్న అడ్రస్ మీ కాన్ఫిగ్‌లోని ఏ అడ్రస్‌తోనూ కలవలేదు. ప్యాకెట్ పాస్‌వర్డ్‌కి హెడర్‌లో 8 బైట్లే చోటు, అంతకంటే పొడుగు పెట్టకండి.

మన దగ్గర కరెంటు పోవడం మామూలే. సెషన్ మధ్యలో పోతే బీఎస్‌వై (ఆ నోడ్ పనిలో ఉందని చెప్పే) ఫైల్ మిగిలిపోయి ఆ నోడ్‌కి మెయిల్ ఆగిపోతుంది. బింక్‌డీలో కిల్-ఓల్డ్-బీఎస్‌వై అని ఉంది, విలువ సెకన్లలో. నమూనా కాన్ఫిగ్‌లో 43200, అంటే 12 గంటలు. 3600 చాలు. రాస్ప్‌బెర్రీ పై ఆన్ అయినప్పుడు, బింక్‌డీ మొదలవ్వకముందే బీఎస్‌వై, అలాంటివే అయిన సీఎస్‌వై ఫైళ్లు తుడిచేసేలా స్టార్టప్‌లో ఒక లైన్ పెడితే ఇంకా మంచిది.

నాగావళి_నోడ్:
ధన్యవాదాలండీ. విజయనగరం, పలాస, బొబ్బిలి మూడూ అందుకుంటున్నాయి. ఇప్పుడు ఇంకొకటి. తెలుగులో రాస్తే కొందరి దగ్గర వత్తులన్నీ విరిగిపోతున్నాయి, సబ్జెక్ట్ సగంలో తెగిపోతోంది. ఏటి కారణం?

కోటకూడలి:
రెండూ వేర్వేరు కారణాలు. వత్తుల సంగతి ఆసక్తికరమైనది. యూటీఎఫ్-8లో మన పొల్లు గుర్తుకి మూడు బైట్లు: ఈ0, బీ1, 8డీ. ఫిడోనెట్ మొదటి ప్రమాణంలోనే 8డీ అంటే సాఫ్ట్ క్యారేజ్ రిటర్న్ (లైన్ మడత గుర్తు), చదివేటప్పుడు దాన్ని పట్టించుకోవద్దు అని ఉంది. పాత ఎడిటర్లు, హెచ్‌పీటీ లాంటి టాసర్లు కొన్ని దాన్ని తీసిపారేస్తాయి. పొల్లు పోతే సంయుక్తాక్షరం నిలబడదు, ఆ చోట చెత్త గుర్తులు మిగులుతాయి. రష్యన్ వాళ్లకీ ఇదే బాధ ఉండేది, వాళ్ల 866 కోడ్‌పేజీలో పెద్ద ఎన్ అక్షరం సరిగ్గా 8డీ దగ్గర ఉంది. అందుకే గోల్డెడ్ అనే ఫిడోనెట్ మెయిల్ ఎడిటర్‌లో డిస్ప్‌సాఫ్ట్‌సీఆర్ అనే ఆప్షన్ ఉంది. కానీ తెలుగుకి గోల్డెడ్ కంటే యూనికోడ్ చూపించే రీడరే నయం. మెసేజ్‌లో సీహెచ్ఆర్ఎస్ లైన్ (ఏ ఎన్‌కోడింగ్‌లో రాశారో చెప్పేది) యూటీఎఫ్-8 4 అని ఉండాలి. ఏ దశలో 8డీ పోతోందో తేలాలంటే "అక్క" అని ఒక్క మాట పంపి, దారిలో ప్రతి నోడ్ దగ్గరా మెసేజ్ బేస్‌ని హెక్స్ వ్యూయర్‌లో చూడండి.

సబ్జెక్ట్‌కి ఉన్న చోటు 71 బైట్లు. తెలుగులో గుణింతం, పొల్లు, సున్నా అన్నీ వేర్వేరు కోడ్లే, ఒక్కోటి 3 బైట్లు. శ్రీకాకుళం 30, విజయనగరం 24. "శ్రీకాకుళం విజయనగరం పార్వతీపురం" అని పెడితే "పార్వ" దగ్గర సరిగ్గా 71 నిండుతాయి. అదే జవాబుకి ముందు "ఆర్ఈ:" ఇంగ్లీషులో, దాని పక్కన ఒక ఖాళీ చేరితే ఇంకో 4 బైట్లు పోయి, "పార" తర్వాత అక్షరం మధ్యలో తెగి డైమండ్ గుర్తు వస్తుంది. పేర్లకి 35 బైట్లే, అంటే 11 కోడ్లు. పేరు తెగితే అవతలి రీడర్ అది తనకొచ్చిన ఉత్తరమని గుర్తుపట్టదు. అందుకని పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచండి, సబ్జెక్ట్ తెలుగులో రెండు మూడు చిన్న మాటలకి సరిపెట్టండి. ఉత్తరం లోపల రాసేదానికి ఆ హద్దు లేదు, ఎంతైనా తెలుగులో రాసుకోవచ్చు.