నాయకుడు ప్రజల విలువలకు అద్దం పడతాడా? 1977లో ఆంధ్రప్రదేశ్ ఇచ్చిన తీర్పు గురించి ఒక సందేహం

అశోక్‌నగర్ అభ్యర్థి (ప్రశ్న)

పెద్దలకు నమస్కారం. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మేము కొందరం వారానికొకసారి కలుసుకొని, ఏదో ఒక అంశం మీద వ్యాసం రాసి, ఒకరిది ఒకరు దిద్దుకుంటూ ఉంటాం. ఈసారి తీసుకున్న అంశం, దేశాన్ని నడిపే నాయకుడు ఆ దేశ ప్రజల విలువలకు ప్రతినిధి అవుతాడా లేదా అన్నది. మాలో ఎక్కువమంది అవుతాడనే రాశారు, అందరూ చూపిన ఉదాహరణ కూడా ఒక్కటే. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి విధించిన ఇందిరా గాంధీని 1977 మార్చి ఎన్నికల్లో ప్రజలు గద్దె దింపారు, రాయ్‌బరేలీలో ఆమె స్వయంగా రాజ్ నారాయణ్ చేతిలో ఓడిపోయారు, కాంగ్రెస్ 154 స్థానాలకు పడిపోయింది, కనుక స్వేచ్ఛను కాలరాసిన నాయకత్వాన్ని దేశం భరించలేదన్నది వారి వాదన.

నాకు అక్కడే పేచీ వచ్చింది. అదే ఎన్నికలో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కాయి. జనతా పార్టీకి మిగిలింది నంద్యాల ఒక్కటే, అక్కడ గెలిచినవారు నీలం సంజీవరెడ్డి. ఉత్తరాది ఓటరు ఇచ్చింది విలువల తీర్పు అనుకుంటే, మన తాతలూ అవ్వలూ ఇచ్చింది దేని తీర్పు? వారికి స్వేచ్ఛ మీద మక్కువ లేదని రాయడానికి మనసొప్పడం లేదు, ఉన్నదని రాద్దామంటే లెక్క ఒప్పుకోవడం లేదు. ఆ కాలం ఎరిగినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

బాబూ, ఆ ఎన్నికలో నేను పోలింగ్ విధుల్లో ఉన్నాను కాబట్టి నాలుగు మాటలు రాయవచ్చుననుకుంటాను. అప్పటికి నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాడిని, మాకు అప్పగించినది కర్నూలు జిల్లాలోని ఒక చిన్న పల్లె. పొద్దున్నే వచ్చినవారిలో ఒక ముసలామె చీర కొంగున మూట కట్టుకొని తెచ్చిన కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. అది ఇంటి స్థలం పట్టా. ఓటు వేయాలంటే దాన్ని చూపించాలని ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. అవసరం లేదమ్మా అని చెప్పినా వినకుండా, వేలికి సిరా వేయించుకుంటున్నంతసేపూ రెండో చేత్తో ఆ కాగితాన్ని అదిమి పట్టుకొని, అప్పటి కాంగ్రెస్ గుర్తయిన ఆవుదూడ బొమ్మ ఎక్కడుందో చూపించమని అందరికీ వినపడేలా అడిగింది. అలా అడగరాదని చెప్పడానికి మా ప్రిసైడింగ్ అధికారి పడిన అవస్థ ఇంతా అంతా కాదు.

ఆమె ఓటును అత్యవసర పరిస్థితికి వేసిన ఓటుగా లెక్కించడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇందిర ప్రకటించిన ఇరవై సూత్రాల కార్యక్రమం పేరిట జలగం వెంగళరావు ప్రభుత్వం ఇక్కడ బలహీన వర్గాలకు ఇళ్ల స్థలాలు పంచింది. అది ఎంతవరకు సక్రమంగా జరిగిందన్నది వేరే చర్చ, కానీ పట్టా అందినవారికి ఇందిరమ్మ అంటే ఆ పట్టాయే. ఉత్తరాదిలో ఆ రెండేళ్లూ జనం అనుభవించినది వేరు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు భయపడి మగవాళ్లు రాత్రిళ్లు పొలాల్లో పడుకున్న ఊళ్లు హర్యానాలోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ ఉన్నాయి. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర ఇళ్లు కూల్చి, అడ్డుపడినవారి మీద కాల్పులు జరిపారు. మన దగ్గరా ఆపరేషన్ల లక్ష్యాలు పెట్టి ఉద్యోగులను వేధించారు, నేనూ ఆ ఒత్తిడి చూసినవాడినే, అయినా అక్కడి తీవ్రత ఇక్కడ లేదు. అంటే ఉత్తరాది ఓటరు తన ఇంటి మీద పడిన దెబ్బకు ఓటు వేశాడు, మన ఓటరు తన చేతికందిన కాగితానికి వేశాడు. ఇద్దరిలో ఒకరు ప్రజాస్వామ్యవాది, మరొకరు కారు అని నేను చెప్పలేను.

ఇంకొక సంగతి రాయకుండా ముగిస్తే అర్ధసత్యం చెప్పినట్లవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో అత్యవసర పరిస్థితి దెబ్బ పడనే లేదని అనుకోవద్దు. నక్సలైట్ ఉద్యమంలో పాల్గొన్న ఆదిలాబాద్ జిల్లా రైతుకూలీలు భూమయ్య, కిష్టగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ముషీరాబాద్ జైలులో ఉరితీశారు. అడవుల్లో ఎదురుకాల్పుల పేరిట చంపినవారి గురించి తరువాత పౌరహక్కుల న్యాయవాది తార్కుండే నాయకత్వంలోని కమిటీ విచారించవలసి వచ్చింది. పత్రికల మీద సెన్సారు ఉండడంతో మైదానపు పల్లెలకు ఆ వార్తలు చేరలేదు. చేరి ఉంటే 41 కాస్త 30 అయి ఉండేదా అని నన్ను అడిగితే, అయ్యేది కాదనే నా అనుమానం. దెబ్బ తిన్నవారు మనవాళ్లు కారనుకున్న చోట ఓటు మారదు.

మానేరు ఒడ్డు

ఉపాధ్యాయులవారు ఓటరును మరీ ముద్దు చేశారని నాకనిపిస్తోంది. నాయకుడు మన విలువలకు అద్దం పడతాడనే నేనంటాను. అయితే ఆ అద్దంలో కనిపించేవి మనం పిల్లలకు బడిలో నేర్పించే విలువలు కావు, నాయకుడి దగ్గరికి పని మీద పోయినప్పుడు మన వెంట తీసుకుపోయేవి.

మా వైపు ఒక ఉప ఎన్నిక జరిగినప్పుడు ఓటర్ల జాబితా పట్టుకొని ఇంటింటికీ కవర్లు పంచారు. పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ, ఇంట్లో నలుగురు ఓటర్లుంటే నాలుగు కవర్లు లెక్కపెట్టి ఇచ్చిపోయారు. మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే ఆమెకు ఎందుకో అందలేదు. ఆమె ఎంత నికార్సయిన మనిషంటే, నేను పొరపాటున ఎక్కువ ఇచ్చిన యాభై రూపాయలను మరునాడు మా ఇంటికి వచ్చి తిరిగి ఇచ్చిన మనిషి. ఆమే ఆ రోజు వీధిలో నిలబడి, మా కవరు ఎవరు మింగారని నిలదీసింది. ఆమె దృష్టిలో అది లంచం కాదు, పంపకంలో తన వాటా, దానిని మధ్యలోనివాడు కాజేయడమే దొంగతనం. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నిజాయితీ గురించిన ఆమె పట్టుదలే అక్కడా పనిచేసింది.

ఇక నాయకుడిలో మనం ఏం చూస్తామన్నది. ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ (చికిత్స ఖర్చుకు హామీ పత్రం) తెచ్చుకొని నిమ్స్‌లో చేర్పించడానికి ఎమ్మెల్యే లేఖ కావాలి. పోలీస్ స్టేషన్‌లో మన ఫిర్యాదు తీసుకోవాలంటే ఆయన మనిషి ఫోను చేయాలి. ఈ పనులు నిబంధనల ప్రకారం వాటంతటవే జరిగే రాష్ట్రంలో సాధుస్వభావం గలవాడిని ఎన్నుకోవచ్చు, జరగని చోట ఎస్సైని బెదిరించగలిగినవాడే కావాలి. లోక్‌సభకు 2024లో ఎన్నికైన 543 మందిలో 251 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని అఫిడవిట్లలో రాసి ఇచ్చారు. సుప్రీంకోర్టు తీర్పుల పుణ్యమా అని 2003 నుంచీ ఆ వివరాలన్నీ బహిరంగమే, ఎవరైనా చూడవచ్చు. అయినా గెలుస్తున్నారంటే జనానికి తెలియక కాదు. కేసు ఉండడాన్ని మచ్చగా కాక సత్తాగా చూసేవాళ్లు మా ఊళ్లో తక్కువేమీ కాదు. అంతమాత్రాన నేర స్వభావం మా విలువ అని ఎవరైనా అంటే మాత్రం గట్టిగా పోట్లాడతాను.

డాలస్ తెలుగువాడు

ఒక చిన్న చేర్పు. ఇక్కడ 2016 ఎన్నికల తరువాత, అమెరికా అసలు స్వరూపం బయటపడిందని వ్యాసాలు రాయని పత్రిక లేదు. ఆ ఎన్నికలో హిల్లరీ క్లింటన్‌కు డొనాల్డ్ ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, కానీ రాష్ట్రాలవారీ ఎలక్టోరల్ కాలేజీ లెక్కలో ఆమె ఓడిపోయారు. విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియాల్లో మొత్తం కలిపి 80 వేల ఓట్లు అటూ ఇటూ అయి ఉంటే అవే పత్రికలు అమెరికా ఉదారత్వం గురించి రాసేవి. అంతకు ముందు రెండుసార్లు బరాక్ ఒబామాను గెలిపించిందీ ఈ దేశమే. 2024లో ట్రంప్‌కు ఓట్లు కూడా ఎక్కువే వచ్చాయి గానీ అప్పుడూ సగానికి కొంచెం తక్కువే. ఎన్నిక ఒక కొలబద్ద అనుకున్నా, అది ఏ గీత దగ్గర ఆగుతుందన్నది ఆ కొలబద్దను చేసినవారి మీద కూడా ఆధారపడుతుంది. మన దగ్గరా అంతే కదా, 2014లో బీజేపీకి 31 శాతం ఓట్లకే లోక్‌సభలో 282 స్థానాలు వచ్చాయి.

పాలమూరు వకీలు

నాయకుడు ప్రజల విలువలకు అద్దం పడతాడా అని మాత్రమే అడుగుతున్నారు, నాయకుడు చూపిన విలువ ప్రజలకు అంటుకుంటుందా అన్నది కూడా చూడవలసి ఉంది. యథా రాజా తథా ప్రజా అని మనవాళ్లు చెప్పినది ఆ రెండో దాని గురించే. దానికి మా జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్‌ల మధ్య రైలు వెళుతుండగా వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ అంగీకరించలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో ఘోర ప్రమాదం జరిగినప్పుడు శాస్త్రి మళ్లీ రాజీనామా ఇచ్చారు, ఈసారి నెహ్రూ ఆమోదించారు. ప్రమాదానికి శాస్త్రి బాధ్యుడని కాదు, రాజ్యాంగ మర్యాదకు ఒక ఒరవడి ఉండాలన్న ఉద్దేశంతోనే ఆమోదిస్తున్నానని పార్లమెంటులో చెప్పారు.

ఆ రాజీనామాను మెచ్చుకోని భారతీయుడు లేడు. ఇప్పటికీ ఎక్కడ రైలు పట్టాలు తప్పినా టీవీ చర్చల్లో మొదట వినిపించే పేరు శాస్త్రిదే. అయినా ఆ ఒరవడి ఎంతవరకు నిలిచింది? 1999లో గైసాల్ రైలు ప్రమాదం తరువాత అప్పటి రైల్వే మంత్రి నితీశ్ కుమార్ రాజీనామా చేశారు. ఆ రెండింటి మధ్యనూ, ఆ తరువాతనూ ఎన్ని ప్రమాదాలు జరిగాయి, రాజీనామా చేయనందుకు ఏ మంత్రినైనా మనం ఓడించామా? మనం దండ వేసే విలువకూ, అది లేకపోతే శిక్షించే విలువకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని అంబేడ్కర్ ముందే చూశారు. రాజ్యాంగ నైతికత సహజంగా పుట్టే గుణం కాదని, దాన్ని సాధనతో అలవరచుకోవాలని 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పారు. ఏడాది తరువాత మరో ప్రసంగంలో, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారితీస్తుందని హెచ్చరించారు. ఆయన మాటలను ఆయన విగ్రహాల ముందే, చేతులు జోడించి మరీ చదువుతున్నాం, అది వేరే సంగతి.

అభ్యర్థిగారికి నా సలహా ఏమిటంటే, నాయకుడు దేనికి ప్రతినిధి అన్న ప్రశ్నకు గెలుపును కాక, అతడు ఏ తప్పు చేసి కూడా గెలవగలిగాడన్నది సాక్ష్యంగా తీసుకోండి. జనం దేన్ని కోరుకున్నారన్నది ఓటులో కలగాపులగంగా ఉంటుంది, దేన్ని క్షమించారన్నది కొంత స్పష్టంగా తెలుస్తుంది.

అశోక్‌నగర్ అభ్యర్థి

అందరికీ కృతజ్ఞతలు. వకీలుగారి కొలతనే 1977కు పెడితే, ఆంధ్రప్రదేశ్ ఓటరు అత్యవసర పరిస్థితిని క్షమించినట్లే అవుతుంది. 1978 ఫిబ్రవరి శాసనసభ ఎన్నికల్లో, దేశమంతా ఇందిర పని అయిపోయిందనుకుంటున్నప్పుడు, ఇక్కడ 294 స్థానాల్లో 175 ఇందిరా కాంగ్రెస్‌కే వచ్చాయని, 1980లో ఆమె మెదక్ నుంచి లోక్‌సభకు పోటీ చేసి గెలిచారని కూడా చదివాను. అలాగైతే, క్షమించని నియోజకవర్గం రాష్ట్రం మొత్తం మీద నంద్యాల ఒక్కటేనని రాయవచ్చునా? ఉపాధ్యాయులవారు ఆ ప్రాంతం వారే కాబట్టి అడుగుతున్నాను.

విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

రాయవద్దు. క్షమించడానికి ముందు తప్పు తెలియాలి కదా, భూమయ్య, కిష్టగౌడ్‌ల పేర్లు ఆ పట్టా ముసలామె విని ఉండదు. అందువల్ల వకీలుగారి కొలత 1978కి సరిపోయినంతగా 1977కు సరిపోదు. సెన్సారు ఎత్తివేసి, అత్యవసర పరిస్థితి నాటి అక్రమాల మీద షా కమిషన్ జరిపిన విచారణలు పత్రికల్లో రోజూ వస్తుండగా వేసిన ఓటు 1978ది, దానికి మనం జవాబు చెప్పుకోవలసిందే.

నంద్యాల సంగతికి వస్తే, సంజీవరెడ్డి పక్కనే ఉన్న అనంతపురం జిల్లావారు, ఈ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అయినా, అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమని ఇందిర పిలుపునివ్వడంతో వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు. 1971లో అనంతపురంలో నిలబడితే అక్కడా ఓడిపోయారు. మన పెద్దాయనకు రెండుసార్లు అవమానం జరిగిందన్న మాట 1977లో నేను టీ బంకుల దగ్గర విన్నంతగా స్వేచ్ఛ అన్న మాట వినలేదు. 1980లో అదే నంద్యాల ఇందిరా కాంగ్రెస్‌ను గెలిపించింది. 1991లో ప్రధాని పి.వి.నరసింహారావు అక్కడ ఉప ఎన్నికలో నిలబడినప్పుడు, తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం తన అభ్యర్థిని కూడా నిలపలేదు, ఆయన 5 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఈ నాలుగు సంగతులూ పక్కపక్కన పెట్టి, నంద్యాలకు ఏ విలువ అంటగడతావో నువ్వే ఆలోచించి రాయి. రాసినది ఇక్కడ పెడితే చదువుతాను.