అప్‌డేట్: ‘అన్‌క్యారెక్టరిస్టిక్’లో స్ట్రెస్ ఎక్కడ?

‘అన్‌క్యారెక్టరిస్టిక్’ అనే ఇంగ్లీష్ విశేషణాన్ని ఎలా విడగొట్టాలి, ఎక్కడ నొక్కి పలకాలి (అంటే స్ట్రెస్ ఎక్కడ) అని ఇంతకుముందు అడిగాను కదా, విషయం తేలింది.

సిలబుల్స్ (ఒక్కో ఊపులో పలికే ముక్కలు) ఆరు: అన్-క్యా-రెక్-ట-రిస్-టిక్. అసలు స్ట్రెస్ ‘రిస్’ మీద, కాస్త తేలికైనది ‘క్యా’ మీద. కిటుకంతా చివరి ‘ఇక్’లోనే ఉంది. అది చేరితే స్ట్రెస్ సాధారణంగా దాని ముందు సిలబుల్‌కి వచ్చేస్తుంది. అందుకే ‘క్యారెక్టర్’లో మొదట పడే స్ట్రెస్ ఇక్కడ చివరి వైపుకి జరిగింది. ‘ఎకానమీ’, ‘ఎకనామిక్’ కూడా అంతే. ‘అరబిక్’, ‘క్యాథలిక్’ మాత్రం మాట వినవు, వాటిని బట్టీ పట్టాల్సిందే!

ముందున్న ‘అన్’ అర్థాన్ని తిరగేస్తుంది తప్ప స్ట్రెస్‌ని కదపదు. దీన్నే క్రియావిశేషణం చేస్తే స్పెల్లింగ్‌లో ‘ఐసీఏఎల్ఎల్‌వై’ అని సాగినా, పలికేది ‘ఇక్లీ’ అనే. అంటే ఎనిమిది కాదు, ఏడు సిలబుల్సే.